అత్తగారి ఆరా

"నేను మాటిచ్చేశాను. ఇప్పుడు నువ్వు కాదంటే పోయేది నీ పరువు కాదు, నాది," అంది ఆడపడుచు, చెప్పులైనా విప్పకుండా గుమ్మంలోనే నిలబడి.

కోడలు ఆరిన బట్టలు మడతపెడుతోంది. తలెత్తలేదు.

"నన్నడక్కుండా మాటెందుకిచ్చారు వదినా?"

"అడగాలా? రంగుల ఫ్యాక్టరీ మూసేశాక నెలల తరబడి ఇంట్లో కూర్చున్నావు. ఈ మాట వింటే ఎగిరి గంతేస్తావనుకున్నాను."

"చెప్పుల కొట్లో బిల్లులు కొట్టడానికి ఎగిరి గంతెయ్యాలా?"

"ఆ కొట్టుకేం తక్కువ? మూడంతస్తులు, చల్లటి ఏసీ. ఓనరు ఎంతో మర్యాదస్తుడు."

"కొట్టుకి తక్కువని నేననలేదు. నాకొచ్చిన పని అది కాదంటున్నాను."

"నీకొచ్చిన పనికి ఎవరూ రమ్మనడం లేదు కదమ్మా!"

కోడలి చేతిలో చొక్కా సగం మడతలో ఆగిపోయింది. ఆడపడుచుకి కూడా తన మాట కాస్త గట్టిగానే తగిలిందని తెలిసింది. అయినా వెనక్కి తీసుకోలేదు. తీసుకునే మనిషైతే ఆ ఇంటికి పెద్ద కూతురు ఎందుకవుతుంది?

"ఏరా, నువ్వేమంటావు?" అని తమ్ముడి మీదికి తిరిగింది.

అతను లిఫ్టుల మెకానిక్కు. ఆదివారమైనా చేతిలో స్క్రూడ్రైవరు ఉండాల్సిందే. గోడకున్న స్విచ్చి బోర్డు విప్పి అందులో తల దూర్చి ఉన్నాడు.

"ఆవిడిష్టం," అన్నాడు బోర్డుతో.

భార్యని 'ఆవిడ' అన్నాడంటే కోపం నషాళానికి ఎక్కిందని ఇంట్లో అందరికీ తెలుసు.

"సరే. బుధవారం సాయంత్రం ఓనరు ఇటువైపు వస్తున్నాడు. ఇంటికొచ్చి మాట్లాడతానన్నాడు. కాదని చెప్పదలచుకుంటే ఆయన మొహం మీదే చెప్పుకో," అనేసి ఆడపడుచు వచ్చినంత వేగంగానూ వెళ్ళిపోయింది.

వీధి గేటు చప్పుడైంది.

"బిల్లులు కొట్టడం పాపమా?" అన్నాడు అతను.

"పాపమని ఎవరన్నారు? మిమ్మల్ని లిఫ్టులు వదిలేసి ఐస్‌క్రీం అమ్మమంటే అమ్ముతారా?"

"కుర్చీలో కూర్చుని గోడలు చూడటంకంటే అమ్ముతాను."

"నేను గోడలు చూస్తున్నానా? రోజూ ఉద్యోగాల సైట్లన్నీ గాలిస్తున్నాను!"

"గాలిస్తే ఏం దొరికింది? గాలేగా!"

స్క్రూడ్రైవరు బల్లమీద పడేసి వెళ్ళిపోయాడు. స్విచ్చి బోర్డు నోరు తెరుచుకుని అలాగే వేలాడుతోంది.

కోడలు ఏడవలేదు. మడతపెట్టిన బట్టలన్నీ మళ్ళీ విప్పి మళ్ళీ మడతపెట్టడం మొదలుపెట్టింది.

"అమ్మాయ్, ఆ ఫోను ఇలా తే," అన్న గొంతు లోపలి గదిలోంచి వినిపించింది.

అత్తగారు మంచం మీద కూర్చుని కళ్ళజోడు తుడుచుకుంటోంది. జరిగినదంతా విన్నది. వినకపోతే ఆవిడ ఆవిడే కాదు. రిటైరయ్యేదాకా టెలిఫోన్ ఆఫీసులో ఎంక్వైరీ సీట్లో కూర్చున్న మనిషి. ఆవిడ ఆరా తీయడం మొదలుపెడితే పోలీసులు కూడా పక్కకి తప్పుకోవాలని చుట్టాల్లో ఒక మాట ఉంది. చెల్లెలి కూతురికి సంబంధం చూస్తున్నప్పుడు పెళ్ళికొడుకు పనిచేస్తున్నానని చెప్పిన ఆఫీసుకి ఫోను చేసి, "అయ్యా, ఆయన మళ్ళీ ఎప్పుడొస్తారు?" అని అమాయకంగా అడిగింది. "మళ్ళీ రాకూడదనే తీసేశామమ్మా," అన్నారు అవతలివాళ్ళు. ఆ సంబంధం అక్కడితో సరి.

కోడలు ఫోను తెచ్చి ఇచ్చింది.

"ఇప్పటిదాకా ఎవరెవరికి దరఖాస్తు పెట్టావో చూపించు."

కోడలు చూపించింది. అత్తగారు వేలితో పైకి తోస్తూ చదువుతోంది. తోస్తున్నకొద్దీ వస్తూనే ఉన్నాయి.

"వీళ్ళేం చేస్తారు?"

"తెలీదత్తయ్యా. ఖాళీలున్నాయంటే నొక్కేశాను."

"ఇదేంటి?"

"బీమా కంపెనీ అనుకుంటా."

"మరి ఇది?"

కోడలు వంగి చూసింది. "కోళ్ళ దాణా."

"కోళ్ళకి నువ్వేం రంగేస్తావే?"

అంత బాధలోనూ కోడలికి నవ్వు ముంచుకొచ్చింది. అత్తగారూ నవ్వింది, అలవాటు ప్రకారం అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని.

"పిల్లకి సంబంధం కావాలని ఊళ్ళో ఇంటింటికీ ఫొటో పంచిపెడతామా?" అంది నవ్వాపుకుని. "మనకి తగినవాళ్ళెవరో ముందు చూసుకుంటాం. వాళ్ళ మంచీచెడూ కనుక్కుంటాం. ఆ తర్వాత కదా కబురు పంపేది? ఉద్యోగానికి మాత్రం కళ్ళు మూసుకుని గాల్లో రాళ్ళు రువ్వితే ఎలా?"

"అందరూ అలాగే చేస్తారత్తయ్యా."

"అందుకే అందరూ ఇంట్లో ఉన్నారు. చెప్పు, ఫ్యాక్టరీలో నువ్వు చేసిన పనేంటి? నాకు అర్థమయ్యేట్టు చెప్పు."

పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఆ ప్రశ్న ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు. కోడలు మంచం అంచున కూర్చుంది.

"ఎవరైనా ఒక రంగు ముక్క తెచ్చి అచ్చం ఇదే కావాలంటారు. దాన్ని కలిపి కుదర్చాలి. ట్యూబులైటు కింద ఒక్కటిగా కనిపించిన రెండు రంగులు ఎండలోకి తీసుకెళ్తే విడిపోతాయి. ఎక్కడ చూసినా విడిపోకుండా కుదర్చాలి. అదే నా పని. నన్ను డేగ అనేవాళ్ళు అక్కడ."

"అయితే రంగుల ఫ్యాక్టరీ ఒక్కటే ఎందుకు? రంగు కుదరాల్సిన అవసరం ఇంకా ఎవరెవరికుంది?"

కోడలు అత్తగారి మొహంలోకి చూసింది. ఇన్నాళ్ళూ తను ఫోనులో వెతికే చోట 'రంగుల ఫ్యాక్టరీ ఉద్యోగాలు' అని తప్ప ఇంకో మాట కొట్టలేదు.

ఆ మధ్యాహ్నం ఇద్దరూ అన్నాలు కూడా ఆలస్యంగా తిన్నారు.

బట్టలకి అద్దకం వేసే మిల్లు ఒకటి దొరికింది. చూడటానికి బాగుంది. "ఆగాగు, అక్కడ చేసి మానేసినవాళ్ళు ఏమన్నారో చూడు," అంది అత్తగారు. చూశారు. జీతాలు రెండేసి నెలలు ఆలస్యమని ఒకరు కాదు, రాసినవాళ్ళందరూ అదే రాశారు. బొత్తాల కంపెనీ ఒకటి కనిపించింది కానీ దాని వెబ్‌సైటుకి బూజు పట్టి ఉంది. ఫోను చేస్తే ఆ నంబరు వాడుకలో లేదని చెప్పింది. కార్లకి రంగులేసే షెడ్లలో ఇప్పుడు కంప్యూటరే రంగు కలుపుతోందట.

"ఇంకా?" అంది అత్తగారు.

"ఇంకేం తోచడం లేదు."

"తోచకపోతే కాఫీ తాగుదాం. కోళ్ళు ఎటూ ఉన్నాయి."

మళ్ళీ నవ్వు. మళ్ళీ ఆ అరచెయ్యి.

కోడలు ఈసారి నవ్వలేదు. అత్తగారి చేతినే చూస్తోంది. ఆవిడ పై వరసలో ముందు పన్ను కట్టుడు పన్ను. ఎప్పుడో మెట్లమీద జారిపడితే పెట్టించుకున్నది. పక్క పళ్ళన్నీ వయసుకి తగ్గట్టు లేత పసుపులో ఉంటే అదొక్కటే తెల్లగా, పాత పెంకుల మధ్య కొత్త పెంకులా మెరుస్తుంటుంది. మనవలు 'బామ్మా, బల్బు వెయ్యి' అని ఏడిపించేవాళ్ళు.

"అత్తయ్యా, ఆ పన్ను రంగు ఎవరు కుదిర్చారు?"

"ఎవరు కుదిర్చారే? కుదర్చకే కదా ఇలా ఏడ్చింది."

అని, ఠక్కున ఆగింది. చెయ్యి నోటిమీంచి జారింది.

ఇద్దరూ ఒకేసారి ఫోను మీద పడ్డారు.

పళ్ళు తయారుచేసే ల్యాబులు ఆ ఊళ్ళోనే చాలా ఉన్నాయి. ఇంతకాలం తన ఇంటి చుట్టూ ఇన్ని పళ్ళు తయారవుతున్నాయని కోడలికి తెలియనే తెలియదు. అత్తగారు ఎంక్వైరీ సీట్లోకి తిరిగి వచ్చేసింది. "ఏది పెద్దది? ఏది పెరుగుతోంది? ఎవరి గురించి డాక్టర్లు మంచిగా రాశారు?" అని ఒకదాని తర్వాత ఒకటి అడగడం, కోడలు వెతకడం.

సాయంత్రానికి ఒక్క ల్యాబు మిగిలింది. అంగడి వీధి చివర, పాత సినిమా హాలు ఎదురుగా. ఈ మధ్యే పై అంతస్తు కూడా తీసుకున్నారని ఒక వార్త. పనితనం గట్టిదని డాక్టర్లు రాశారు. కానీ ఇటీవల రాసిన వాటిల్లో మాత్రం ఒకటే సణుగుడు: షేడు తేడా వచ్చింది, వెనక్కి పంపాల్సి వచ్చింది.

"అంటే మొన్నమొన్నటిదాకా బాగా కుదిరేది. ఇప్పుడు కుదరడం లేదు," అంది అత్తగారు. "అక్కడ మనిషెవరో మారారు."

"ఇదిగో, వాళ్ళ మేడమ్ ఎక్కడో మాట్లాడిన వీడియో ఉంది."

తెల్లకోటు వేసుకున్న ఒకావిడ, చిన్న వేదికమీద, పెద్దగా అలంకారాల్లేకుండా మాట్లాడుతోంది. "ఆకారం మిషను చెక్కేస్తుంది. అందులో దాన్ని మించలేం. రంగు దగ్గరికొచ్చేసరికి మాత్రం మళ్ళీ మనిషి కన్నే కావాలి. ఆ కన్ను ఉన్నవాళ్ళు మా రంగంలో దొరకడం లేదు."

"ఆపు! వెనక్కి తిప్పు!" అని అరిచింది అత్తగారు.

తిప్పింది.

"...ఆ కన్ను ఉన్నవాళ్ళు మా రంగంలో దొరకడం లేదు."

"మీ రంగంలో దొరకరమ్మా, పక్క రంగంలో చూడు!" అని అత్తగారు ఫోనుకి జవాబు చెప్పింది.

అప్పుడే లోపలికొచ్చిన లిఫ్టు మెకానిక్కు ఇద్దరినీ వింతగా చూశాడు. ఇల్లంతా బట్టలు అలాగే ఉన్నాయి. స్విచ్చి బోర్డు అలాగే వేలాడుతోంది. తల్లీ భార్యా మంచం మీద మోకాళ్ళు ముడుచుకుని, పరీక్షలో ప్రశ్న తెలిసిపోయిన పిల్లల్లా ఉన్నారు.

"ఏంటి గొడవ?" అన్నాడు.

"నీకెందుకురా? నువ్వు బోర్డుతో మాట్లాడుకో," అంది తల్లి.

సోమవారం పొద్దున్నే కోడలు పాత ఫ్యాక్టరీలో ప్యాకింగ్ సూపర్‌వైజరుకి ఫోను చేసింది. అతనిప్పుడు పళ్ళకి వాడే పింగాణీ పొడి అమ్మే కంపెనీలో ఉన్నాడని ఫోనులో అతని పేజీ చూసే కనిపెట్టింది.

"డేగమ్మా! ఎన్నాళ్ళకి!" అన్నాడతను. ల్యాబు సంగతి అడగ్గానే గొంతు తగ్గించాడు. "నిజమే. అక్కడ షేడ్లు చూసే పెద్దాయనకి కళ్ళల్లో శుక్లాలొచ్చి మానేశాడు. పేపర్లో ఎక్కడా వెయ్యలేదు, తెలిసినవాళ్ళ ద్వారా చూస్తున్నారు. మేడమ్ కాస్త కటువు. కానీ అబద్ధం ఆడని మనిషి. జీతాలు ఒకటో తారీఖునే పడతాయి. నా పేరు చెప్పుకో, పర్లేదు."

కోడలు ఫోను పెట్టేసి గదిలో ఒక చుట్టు చుట్టింది. కూర్చోలేకపోయింది. ఇన్ని నెలల్లో మొదటిసారి, తలుపు ఎక్కడుందో తెలిసింది.

పాత దరఖాస్తు తీసి అత్తగారికి చదివి వినిపించింది.

"ఇది ఎవరికి రాశావు?"

"అందరికీ అత్తయ్యా."

"అందరికీ రాసింది ఎవరూ చదవరు. ఆవిడొక్కర్తికే రాయి."

రాసింది. కొట్టేసింది. మళ్ళీ రాసింది. షేడ్ల గురించి డాక్టర్లు సణిగిన సంగతి ఒక వాక్యంలో పెట్టింది.

"అది తీసెయ్," అంది అత్తగారు. "సంబంధం మాట్లాడటానికెళ్ళి వాళ్ళింట్లో పెచ్చులూడిన గోడ గురించి మాట్లాడతామా? తెలిసినట్టుండాలి, దెప్పినట్టుండకూడదు."

చివరికి మిగిలింది చిన్న ఉత్తరం. మీరు మాట్లాడింది విన్నాను, నేను పళ్ళ మనిషిని కాను, రంగుల మనిషిని, ఇన్నేళ్ళు ఈ పని చేశాను, ఒకసారి పరీక్ష పెట్టి చూడండి అని. కింద సూపర్‌వైజరు పేరు. పంపే ముందు ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"నొక్కు," అంది అత్తగారు.

నొక్కింది.

మంగళవారం అంతా ఫోను మోగలేదు. రాత్రి ఒక్కసారి మోగితే అది ఆడపడుచు.

"రేపు సాయంత్రం గుర్తుందిగా? కాస్త మంచి చీర కట్టుకో."

"వదినా, నేను వేరే ఒక చోట..."

"వేరే చోటా? ఉన్నది కాలదన్నుకుని లేనిదానికి అంగలార్చడమంటే ఇదే!"

ఫోను పెట్టేసింది. కోడలు అన్నం కెలికి లేచింది. అత్తగారు కంచాలు తీసింది.

మెకానిక్కు చేతులు కడుక్కుంటూ, ఎవరినీ చూడకుండా అడిగాడు.

"అమ్మ చెప్పిన ఆ ల్యాబు ఎక్కడ?"

"పాత సినిమా హాలు ఎదురు బిల్డింగు."

"ఏ అంతస్తు?"

"నాలుగు."

వెళ్ళి స్విచ్చి బోర్డు బిగించాడు.

బుధవారం మధ్యాహ్నం ఫోను మోగింది.

"ఉత్తరం రాసింది మీరేనా?" వీడియోలో విన్న గొంతే. "నాలుగింటికి రాగలరా? నేను రేపు ఊళ్ళో ఉండను."

"వస్తానండీ," అంది కోడలు. ఫోను పెట్టాక కానీ గుర్తురాలేదు. "అత్తయ్యా! సాయంత్రం ఆ చెప్పుల కొట్టాయన!"

"వెళ్ళవే! ఆయన సంగతి నేను చూసుకుంటా. నేను మాట్లాడలేని మనిషింకా పుట్టలేదు."

"వదిన ఊరుకోదు."

"అది నా కడుపున పుట్టింది, నేను దాని కడుపున పుట్టలేదు. నడు!"

వీధిలోకి పరిగెత్తేసరికి బండి స్టార్టు చేసి ఉంది. భర్త హెల్మెట్ అందించాడు. పని మధ్యలో వచ్చేశాడని చేతులకున్న గ్రీజే చెప్పింది.

"మీరెప్పుడొచ్చారు?"

"అమ్మ ఫోను చేసింది. ఎక్కు."

బిల్డింగు ముందు ఆపి, లోపలికి తొంగిచూసి మొహం చిట్లించాడు.

"లిఫ్టు ఎక్కకు."

"ఏం?"

"అది మా కంపెనీది కాదు. మెట్లెక్కు."

అన్ని రోజుల తర్వాత అతను భార్యతో చెప్పిన మంచి మాట అదే. ఆమె నాలుగంతస్తులూ నవ్వుకుంటూ ఎక్కింది.

ల్యాబులో మిషన్ల సన్నటి రొద, సుద్దపొడి వాసన. బల్లల నిండా ట్రేలు. ట్రేల్లో పళ్ళు, ఒంటిగా, జంటగా, వరసలు వరసలుగా. మేడమ్ వీడియోలోకంటే పొట్టిగా ఉంది. కూర్చోమని కూడా అనలేదు. ఒక పన్ను, నమూనా పళ్ళు గుచ్చిన పట్టీ ఆమె చేతిలో పెట్టింది.

"దీనికి ఏది సరిపోతుంది?"

కోడలు చూసింది. అయిదారు నమూనాలు పక్కన పెట్టి చూసింది. తల అడ్డంగా ఊపింది.

"ఇక్కడ చెప్పలేనండీ. ఈ లైటు పచ్చగా ఉంది. కిటికీ దగ్గరికి వెళ్ళొచ్చా?"

మేడమ్ పక్కకి జరిగింది.

కిటికీలోంచి సాయంత్రపు వెలుగు సాదాగా పడుతోంది. ఆ వెలుతురులో పన్నుని తిప్పి చూస్తే కోడలికి ఒళ్ళు జలదరించింది. ఇది ఒక రంగు కాదు. చిగురు దగ్గర తేనె ఛాయ, నడుమ పాల మీగడ, కొనకొచ్చేసరికి వెలుతురు దూసుకుపోయే నీలం. గోరంత జాగాలో ఎన్ని రంగులు! ఫ్యాక్టరీలో డ్రమ్ముల కొద్దీ కలిపినప్పుడు ఇంత ఆశ్చర్యం కలగలేదు. చేతులు తమంతట తామే పని మొదలుపెట్టాయి.

"మొదలుకి ఇది. నడుమకి ఇదీ అదీ కలపాలి. కొనకి ఈ పట్టీలో లేదు. వీటికంటే కొంచెం చల్లగా కావాలి."

మేడమ్ ఇంకో పన్ను ఇచ్చింది. అదీ చెప్పింది. ఇంకొకటి. ఈసారి అక్కడ పనిచేసే ఒక అమ్మాయిని పిలిచి ఆమె పన్నుకే కుదర్చమంది. ఆ అమ్మాయి నోరు తెరిచి కూర్చుంది. కోడలు తొందరపడలేదు, అటూ ఇటూ పెట్టి పెట్టి, చివరికి ఒక నమూనా చూపించింది.

"తప్పు," అంది మేడమ్.

కోడలు నమూనాని ఇంకాస్త దగ్గరికి పట్టింది. మళ్ళీ చూసింది. తన కంటికి అదే సరిగ్గా ఉంది.

"నాకు ఇదే కనిపిస్తోందండీ."

"కనిపిస్తుంది. ఆమె ఇంతసేపు నోరు తెరిచి ఉంది కదా? పన్ను ఆరింది. ఆరితే తెల్లబడుతుంది. నోరు మూసుకుని కాసేపు ఊరుకోమంటే అసలు రంగు తిరిగొస్తుంది. మొదటి క్షణంలోనే చూసేయాలి."

"నాకది తెలీదు," అంది కోడలు. దాచడానికేం లేదు. "ఇంకోసారి చూడొచ్చా?"

మేడమ్ మొదటిసారి ఆమెని తేరిపార చూసింది.

"రంగు చూడటం మీకొచ్చు. పన్ను చూడటం రాదు. రేపటినుంచి వారం రోజులు మా సీనియరు పక్కన కూర్చోండి. ఆ వారానికి డబ్బిస్తాను. తర్వాత ఉంచుకోవాలా వద్దా అన్నది అప్పుడు చెప్తాను. తొమ్మిదిన్నరకి రావాలి."

ఉద్యోగం వచ్చిందని కాదు. రాలేదనీ కాదు. అయినా మెట్లు దిగుతుంటే కాళ్ళు నేలమీద ఆనడం లేదు. కింద బండిమీద కూర్చున్న భర్త ఆమె మొహం చూసి లేచి నిలబడ్డాడు.

"వచ్చిందా?"

"వారం చూస్తామన్నారు!"

"వారమేనా?"

"వారం చాలండీ! అక్కడ పన్నులో ఎన్ని రంగులున్నాయో తెలుసా? మీరు ఎప్పుడైనా మీ పన్ను కొన చూసుకున్నారా? నోరు తెరవండి, ఒక్కసారి!"

"రోడ్డుమీదా?" అన్నాడు కానీ, అటూ ఇటూ చూసి తెరిచాడు.

ఇంటికొచ్చేసరికి గుమ్మంలో కొత్త జత బూట్లున్నాయి, తళతళలాడుతూ. చెప్పుల కొట్టు ఓనరు వచ్చేసినట్టే. లోపల ఆడపడుచు అరుపులు వినిపిస్తాయనుకుంది. వినిపించడం లేదు. దానికే ఎక్కువ భయం వేసింది.

లోపలికి అడుగుపెట్టారు. ఓనరు కుర్చీలో కాఫీ తాగుతున్నాడు. ఆడపడుచు గోడవైపు తిరిగి కూర్చుంది. అత్తగారి ఒళ్ళో ఫోను.

"ఏమన్నారే?" అంది అత్తగారు, ఎవరినీ లెక్కచేయకుండా.

"రేపటినుంచి వారం రమ్మన్నారు."

"చెప్పానా!" అని ఆవిడ తొడ చరుచుకుంది.

కోడలు ఓనరుకి చేతులు జోడించింది. "క్షమించండి, మా వదిన మీకు మాటిచ్చారని తెలుసు. కానీ నేను..."

"అయ్యో, పర్లేదమ్మా. ఆ సంగతి మీ అత్తగారితో మాట్లాడేశాను," అని ఆయన లేచాడు. అత్తగారి వైపు తిరిగి, "అయితే రేపు పదింటికి రండమ్మా. కౌంటరు చూపిస్తాను," అన్నాడు.

మెకానిక్కుకి అర్థం కాలేదు. "ఎవరు? ఎక్కడికి?"

"నేను. వాళ్ళ కొట్టుకి," అంది తల్లి.

ఆడపడుచు గోడవైపు నుంచి తిరిగింది. "చూశావురా! నేను చెప్తే వినడం లేదు. ఇది పుర్రెలో పుట్టిన బుద్ధి!"

"పుర్రెలో పుట్టలేదు, ఫోనులో దొరికింది," అంది తల్లి. "వీళ్ళిద్దరూ ల్యాబుకి వెళ్ళాక కొట్టు గురించి నేనూ చూశాను. సరుకు మంచిదని అందరూ రాశారు. కానీ అడిగితే చెప్పే దిక్కు లేదట. ఏ అంతస్తులో ఏముందో తెలీక పెద్దవాళ్ళు మెట్లెక్కలేక వెనక్కి పోతున్నారట. బాబుగారికి అదే చెప్పాను. మీకు కావాల్సింది బిల్లులు కొట్టే మనిషి కాదు, గుమ్మంలో కూర్చుని అడిగినదానికి జవాబు చెప్పే మనిషి అని. బిల్లులు ఎవరైనా కొడతారు."

"ఇన్నాళ్ళూ నాకే తట్టలేదు," అన్నాడు ఓనరు, ఇబ్బందిగా నవ్వి. ఆ గదిలో గాలి బరువు పసిగట్టాడేమో, గబగబా బూట్లు తొడుక్కుని వెళ్ళిపోయాడు.

గేటు చప్పుడైంది.

"అమ్మా, ఈ వయసులో నీకు..." అన్నాడు కొడుకు.

"ఈ వయసులోనే. ఆ కొట్లో దారి తెలీక తిరిగేది నా వయసువాళ్ళే."

"కొడుకుండగా తల్లిని కొట్లో కూర్చోబెట్టారని నలుగురూ నవ్వరా?" అంది కూతురు.

"మాటిచ్చింది నువ్వు. ఈ ఇంటి మాట ఈ ఇంటివాళ్ళే నిలబెట్టారు. ఎవరైతేనేం? నీ పరువుకొచ్చిన లోటేంటి?"

ఆడపడుచు మళ్ళీ గోడవైపు తిరిగింది.

కొడుకు మాత్రం కదల్లేదు. ఈసారి బోర్డుతో కాదు, తల్లి కళ్ళలోకి చూసే చెప్పాడు.

"నేనొప్పుకోను."

అతను అంత సూటిగా 'కాదు' అనడం కోడలు ఎప్పుడూ వినలేదు. అత్తగారు కూడా విని ఉండదు. ఆవిడ కళ్ళజోడు తీసి, కొంగుతో తుడిచి, తాపీగా పెట్టుకుంది.

"నువ్వు ఒప్పుకుంటావా అని నేనడిగానా నాన్నా?" అంది, ఎంతో మెత్తగా. "అడగాల్సింది ఇంకోటుంది. దానికి తొమ్మిదిన్నరకి, నాకు పదింటికి. నీ బండిమీద ముందు ఎవర్ని దింపుతావో ఆలోచించుకో."

అతని చేతిలో బండి తాళంచెవి ఉంది. దాన్ని మేకుకి తగిలించబోయి, తగిలించకుండా, తల్లిని ఒకసారీ భార్యని ఒకసారీ చూసి, పిడికిట్లో బిగించుకుని, బండిలో పెట్రోలెంతుందో చూడటానికి బయటికి నడిచాడు.